చచ్చిన కాలేజీలో అమరావతి రాళ్ళు

మద్రాసుకు చలికాలం ఆలస్యంగా వస్తుంది, తొందరగా వెళ్ళిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు. ఆ తడి ఆరాక, తమిళులు మార్గళి అని, మనం ధనుర్మాసం అని చెప్పుకునే నెల, ఆపైన సంక్రాంతి, ఆ తరువాత మరికొన్నాళ్ళు. చెమట పట్టకుండా ఆ ఊళ్ళో నడవగలిగిన రోజులు ఏడాదికి అవే. 1996లో దాని పేరు చెన్నై అయింది. అయినా తిరుత్తణి, గుడియాత్తం, హోసూరు చుట్టుపక్కల మన పల్లెల్లో పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ పట్నమే. పండక్కి పట్నం పోయి వచ్చామంటే సముద్రం, మృగశాల, మ్యూజియం, ఈ మూడూ చూసి వచ్చామని అర్థం. ఇవాళ ఆ మూడోదాన్ని గురించి మాట్లాడుకుందాం.

పల్లెల నుంచి వచ్చే జనం ఎగ్మూరు మ్యూజియానికి 'సెత్త కాలేజీ' అనీ, మృగశాలకు 'ఉయిర్ కాలేజీ' అనీ తమిళంలో పేర్లు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. ఒకచోట గడ్డి కూరిన పులి, ఇంకోచోట గాండ్రించే పులి. ఇది మోటుతనం అని నవ్వేవాళ్ళున్నారు కాని, ఆ పేర్ల వెనుక చరిత్ర లేకపోలేదు. మ్యూజియం పుట్టింది నిజంగానే ఒక కాలేజీలో. కుంపిణీ దొరల కొలువులో చేరే తెల్ల కుర్రవాళ్ళకు తెలుగు, తమిళం వంటి దేశభాషలు నేర్పడానికి పెట్టిన సెయింట్ జార్జి కోట కాలేజీ అది. నుంగంబాకం దగ్గర కాలేజ్ రోడ్డు అనే పేరు దానివల్లనే మిగిలింది. ఆ భవనం మేడ మీద 1851లో డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే సైనిక వైద్యుడి అజమాయిషీలో మ్యూజియం తెరిచారు. మొదట ఉన్న సరుకు దాదాపు 1,100 రాళ్ళ నమూనాలు. మద్రాసు లిటరరీ సొసైటీ వారు పోగుచేసి ఇచ్చినవి. పేరుకు మ్యూజియమే కాని, చూడవచ్చినవాడికి బీరువాల నిండా రాళ్ళు, వాటి కింద ఇంగ్లీషు చీటీలు.

చోటు చాలక 1854లో మ్యూజియాన్ని ఎగ్మూరులోని పాంథియన్‌కు మార్చారు. అది తెల్లదొరలు నాటకాలకూ, నాట్యాలకూ, విందులకూ కూడుకునే పాత విలాసమందిరం. దాని పేరే ఈనాటికీ అక్కడి రోడ్డుకు ఉంది. మరుసటి ఏడు బాల్ఫోర్ ఒక తెలివైన పని చేశాడు. మ్యూజియం ఆవరణలోనే బతికున్న జంతువులను తెచ్చి పెట్టాడు. అంతే, జనం విరగబడ్డారు. పులిని చూడ్డానికి వచ్చినవాళ్ళు పక్కనే ఉన్న రాళ్ళనూ, గవ్వలనూ, ఎముకల గూళ్ళనూ చూసిపోయారు. 1863లో జంతువులను సెంట్రల్ స్టేషను దగ్గరి పీపుల్స్ పార్కుకు తరలించారు. 1985లో వండలూరులో కొత్త మృగశాల తెరిచారు. బతికిన కాలేజీ అలా దూరం జరిగిపోయింది కాని, ఒకప్పుడు ఆ రెండు కాలేజీలూ ఒకే ప్రహరీలో ఉండేవి. నన్నడిగితే పల్లెవాళ్ళు పెట్టిన ఆ జంటపేర్లకు మూలం ఇదే అయివుండాలి.

సంక్రాంతి రోజుల్లో ఆ రద్దీ మరీ ఎక్కువ. తమిళులకు పొంగల్ నాలుగో రోజు కాణుమ్ పొంగల్. కాణుమ్ అంటే చూడటం. చుట్టాలను చూడాలి, ఊరు చూడాలి. మనకు ముక్కనుమనాడు ఇంటిపట్టున మాంసం వండుకోవడం ఆచారమైతే, వాళ్ళకు ఆ రోజు పులిహోర, పెరుగన్నం మూటలు కట్టుకుని బయటికి పోవడం ఆచారం. ఆ ఊళ్ళో స్థిరపడిన మన తెలుగువాళ్ళు రెండూ చేస్తారనుకోండి.

1885 నుంచి 1908 వరకూ మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ ఈ పండగ జనాన్ని కొంచెం చిన్నచూపు చూసినవాడే. చదువుకునేందుకు వచ్చేవాళ్ళు బహు తక్కువ, వచ్చేవాళ్ళంతా తమాషా చూడ్డానికి వచ్చేవాళ్ళే అన్నది ఆయన అభిప్రాయం. అయితే ఆయన కూడా ఆ తమాషా జనాన్ని వదిలిపెట్టలేదు. తల పొడవూ వెడల్పూ, ముక్కు పొడవూ వెడల్పూ కొలిచే సాధనాలు దగ్గర పెట్టుకుని, మ్యూజియానికి వచ్చినవాళ్ళను పట్టి కొలతలు తీసేవాడు. ముక్కు కొలతనుబట్టి కులాన్నీ, జాతినీ చెప్పవచ్చునని ఆ కాలపు నమ్మకం. ఆ కొలతలూ, మరెన్నో వివరాలూ కలిపి, కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో దక్షిణాది కులాల గురించి ఏడు సంపుటాల గ్రంథం అచ్చువేశాడు. అందులో మన తెలుగు కులాలన్నీ ఉన్నాయి. చచ్చిన జంతువులను చూద్దామని పోయిన మనిషి తానే ఒక నమూనా అయి తిరిగివచ్చాడన్నమాట. ఆ ముక్కు కొలతల శాస్త్రాన్ని ఇప్పుడెవరూ నమ్మరు. పండగ జనం మాత్రం ఆగలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం ఉంది. ఏనుగు అస్థిపంజరం ఉంది. చోళుల కాలపు కంచు విగ్రహాలు ఉన్నాయి. తిరువాలంగాడు నటరాజు, తిరువెణ్‌కాడు అర్ధనారీశ్వరుడు, వాటి ముందు నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. పిల్లలు తిమింగలం దగ్గరికి పరుగెడతారు, పెద్దలు కంచు విగ్రహాల దగ్గర చేతులు జోడిస్తారు. ఈ రెంటి మధ్య, కింది అంతస్తులో, తెల్లటి రాతిపలకలున్న గదులను చాలామంది నడుస్తూ చూసి దాటిపోతారు. ఆ రాళ్ళు గుంటూరు సీమవి. అమరావతి స్తూపం రాళ్ళు.

వాటిని అమరావతి పాలరాళ్ళు అంటారు కాని పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. రెండువేల ఏళ్ళ కిందట ధాన్యకటకం అనే పట్నం పక్కన కృష్ణ ఒడ్డున మహాచైత్యం లేచింది. దాని చుట్టూ ప్రాకారం అడ్డుకొలత 190 అడుగుల పైమాట. క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, అణువణువునా శిల్పంతో నిండింది. కట్టించింది రాజులొక్కరే కాదు. రాళ్ళమీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. గృహస్థులు, సుగంధద్రవ్యాల వర్తకులు, భిక్షుణులు ఉన్నారు. విధికుడు అనే తోలుపని చేసే ఆయన తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, కొడుకునూ, కూతుళ్ళనూ కలుపుకుని పూర్ణకుంభం చెక్కిన పలకను దానం చేశాడు. ఆ పూర్ణకుంభమే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన 'నాగబు' అనే మాట, తెలుగు మాటల్లో చాలా పాతదని మనం చెప్పుకునేది, అదీ అమరావతి రాతిపలక మీదిదే.

ఇవన్నీ ఎగ్మూరుకు ఎలా వచ్చాయి?

1790ల్లో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టారు. కట్టడానికి రాయి, ఇటుక కావాలి. ఊరి పక్కన దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే తెల్లని పలకలు, పెద్ద పెద్ద ఇటుకలు బయటపడ్డాయి. ఇంకేం కావాలి! కొన్ని రాళ్ళు శివగంగ చెరువు మెట్లకు పోయాయి, కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. సున్నపురాయికి అదే శాపం. బొమ్మ ఎంత అందంగా ఉన్నా కాలిస్తే సున్నమే అవుతుంది.

ఈ వార్త విని 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మన కావలి సోదరులు, ఏలూరు వాస్తవ్యులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఎవరి దగ్గర పనిచేశారో ఆ మెకంజీయే. ఆయన మళ్ళీ 1816లో మనుషులను వెంటపెట్టుకుని వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. స్తూపం గర్భమే పోయింది. మెకంజీ, ఆయన చిత్రకారులు మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీశారు. ఆ తరువాత మాయమైన శిల్పాలు కొన్ని ఇప్పుడు ఆ బొమ్మల్లోనే బతికి ఉన్నాయి.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలను మద్రాసుకు పంపాడు. పంపాక ఏమైంది? ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిలో 121 పలకలను ఓడకెక్కించి లండనుకు పంపారు. అక్కడా వెంటనే ఆదరణ దొరకలేదు. జేమ్స్ ఫెర్గుసన్ అనే కట్టడాల చరిత్రకారుడు వాటిని గుర్తించి 1868లో పెద్ద పుస్తకం వేశాకనే విలువ తెలిసింది. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటికోసం 1992లో అక్కడ ప్రత్యేకమైన గది ఏర్పడింది.

ఇటు మన దేశంలో 1877లో రాబర్ట్ సూయెల్ మరికొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు దిబ్బను మొత్తం శుభ్రం చేయమని ఉత్తరువిచ్చాడు. శుభ్రమంటే శుభ్రమే, ఏ రాయి ఎక్కడ నిలిచి ఉందో ఆనవాలు కూడా మిగలలేదు. జేమ్స్ బర్జెస్ వచ్చి మంచి శిల్పాలను ఏరి మద్రాసుకు పంపే ఏర్పాటు చేశాడు. అప్పుడు హెన్రీ హార్డీ కోల్ అనే అధికారి ఒకడు, పురాతన కట్టడాల సంరక్షణ ఆయన పని, అడ్డు చెప్పాడు. రాళ్ళను కదిలించవద్దు, ఉన్నచోటనే నిలబెట్టి కాపాడదాం అన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. 1880లలో ఆ రాళ్ళు ఎగ్మూరు చేరి, మ్యూజియం గోడల్లో సిమెంటుతో బిగించబడ్డాయి. సిమెంటులోని ఉప్పు సున్నపురాయిని లోపలినుంచి తింటుందని అప్పుడెవరూ ఆలోచించలేదు. తరువాతి తరాల సంరక్షకులకు అదొక తలనొప్పిగా మిగిలింది.

ఇందులో దోషం ఎవరిదని అడిగితే ఒక్కరి పేరు చెప్పడం కష్టం. జమీందారు కట్టించినది తన ప్రజలకు ఊరే. దొరలు తరలించకపోతే ఇంకొన్ని బట్టీల పాలయ్యేవి, అదీ నిజమే. అయినా నా మట్టుకు నాకు కోల్ చెప్పినదే న్యాయమనిపిస్తుంది. స్తూపం అంటే పలకల లెక్క కాదు. చుట్టూ ప్రదక్షిణ చేస్తూ ఒక కథ నుంచి ఇంకో కథకు నడిచేటట్టు కట్టిన కట్టడం. పలకలను విడదీసి కొన్ని థేమ్సు ఒడ్డున, కొన్ని ఎగ్మూరులో, కొన్ని అమరావతిలో పెడితే ఆ నడక తెగిపోయింది. ఎగ్మూరులో ఉన్న రాళ్ళను పట్టిపట్టి చూసి, ఏది ఎక్కడిదో, ఏ కథ చెబుతుందో వివరిస్తూ 1942లో సి. శివరామమూర్తిగారు గ్రంథం రాశారు. ఆయన తమిళులు, సంస్కృత పండితులు. మన రాళ్ళకు ఆయన చేసిన సేవ మనం మరిచిపోకూడనిది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం మనకు రాలేదు. నగరంతోపాటు మ్యూజియమూ, మ్యూజియంతోపాటు రాళ్ళూ అక్కడే ఉండిపోయాయి. 2015లో ఆంధ్రప్రదేశ్ తన కొత్త రాజధానికి అమరావతి అని పేరు పెట్టుకుంది. రాళ్ళను వెనక్కి తేవాలన్న మాట అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంటుంది. కోరిక సహజమే. అయితే సరిహద్దుకు ఈవల ఉన్న మనకు ఇందులో ఇంకో కోణం కనిపిస్తుంది. మనం ఎటూ కదలలేదు. గీత మనమీదుగా జరిగింది. ఎగ్మూరు రాళ్ళూ అంతే. అవి తరలివెళ్ళిన నాడు గుంటూరూ, మద్రాసూ ఒకే రాజధానిలోవి, అదే మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అవి ఆ గోడల్లో ఉండగానే వాటి చుట్టూ రాష్ట్రాలు మారాయి.

దీనికి మంచి సాక్ష్యం అదే ఆవరణలో నిలబడి ఉంది. ఆ గులాబిరంగు భవనం చూశారా? మొగలాయి గుమ్మటాలతో, ఎత్తైన వాకిలితో ఉంటుంది. విక్టోరియా రాణి జ్ఞాపకార్థం 1906లో శంకుస్థాపన, 1909లో ప్రారంభం. నమూనా గీసినవాడు హెన్రీ ఇర్విన్. తొలుత అందులో చేతిపనుల సంస్థ ఉండేది. 1951లో మ్యూజియం నూరేళ్ళ పండుగ సందర్భంలో జవహర్‌లాల్ నెహ్రూ అక్కడ నేషనల్ ఆర్ట్ గ్యాలరీని ప్రారంభించారు. రవివర్మ వర్ణచిత్రాలు అందులోనే ఉండేవి. 2002లో భవనం బలహీనపడిందని సందర్శకులకు మూసివేశారు, ఏళ్ళ తరబడి మూతపడి ఉండింది. ఆ గులాబిరంగు రాయి సత్యవేడుది. భవనం కట్టేనాటికి సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో ఊరు. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ప్రకారం సరిహద్దు సర్దినప్పుడు, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఊరు ఇటు, రాయి అటు. ఆ కాలంలో మద్రాసులో హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం, మ్యూజియం భవనాలు కట్టిన పెద్ద కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టిగారు. ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది కదా ఎవరివారో.

ఈ చలికాలంలో మీరు పిల్లలతో వెళితే అమరావతి గదుల్లో ఒక్క పలకనైనా నిదానంగా చూడమని నా మనవి. గుండ్రటి పలక ఒకటుంది, నలగిరి ఏనుగు కథ. దేవదత్తుడు ఏనుగుకు కల్లు పట్టించి బుద్ధుడిమీదికి తోలించాడు. రాజగృహం వీధిలో ఏనుగు పరుగెత్తుతోంది, మనుషులు కాళ్ళకింద పడుతున్నారు, ఒక ఆడమనిషి భయంతో పక్కవాణ్ణి కరుచుకుపోయింది, మేడల మీద కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. అదే పలకలో, ఇంకో పక్కన, ఆ ఏనుగే బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. ఒకే రాతిలో ముందు జరిగినదీ, తరువాత జరిగినదీ. మన తోలుబొమ్మలాటలో తెర మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కథ నడిచినట్టు ఉంటుంది. పిల్లవాణ్ణి ఆ వీధిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమనండి. తిమింగలం దగ్గర నిలిచినంతసేపూ ఇక్కడా నిలుస్తాడు.

ఇంకో రకం పలకలున్నాయి. అందులో బుద్ధుడు కనబడడు. ఖాళీ సింహాసనం, కింద రెండు పాదముద్రలు, పైన బోధివృక్షం, చుట్టూ దండం పెట్టే జనం. మూర్తిని చెక్కకుండా గుర్తులతోనే చూపే పద్ధతి అది. స్తూపం బొమ్మనే చెక్కిన పలకలు కూడా ఉన్నాయి. వాకిట సింహాలు, అయిదేసి స్తంభాలు, పైన ఎగిరే గంధర్వులు. పోయిన కట్టడం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తున్నదంటే ఆ పలకల పుణ్యమే. జగ్గయ్యపేట నుంచి వచ్చిన చక్రవర్తి పలకను కూడా వదలకండి. అమరావతి శిల్పాల వంపుసొంపులు దానికి లేవు, అంతకన్న పాతది. సన్నని నిలువు మనిషి చెయ్యెత్తి నిలబడితే మేఘాల నుంచి నాణేలు రాలుతుంటాయి.

రాళ్ళ పక్కన చీటీలు ఇంగ్లీషులోనూ, తమిళంలోనూ ఉంటాయి. తమిళనాట పుట్టిన మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అమరావతి అని తమిళ అక్షరాల్లో చదివి, అదెక్కడుందని మనల్నే అడుగుతారు. చీటీ చెప్పని సంగతి అక్కడ పెద్దవాళ్ళు చెప్పాలి. కృష్ణ ఒడ్డున అని, గుంటూరుకు పైన అని, ధాన్యకటకం అనేది దాని పాతపేరని తెలుగులోనే చెప్పండి. విన్న పక్కవాళ్ళు ఆగి అడిగితే వాళ్ళకు తమిళంలో చెప్పండి. మనకు రెండు భాషలూ వచ్చుగదా.

పొద్దు మిగిలితే కోటలోని మ్యూజియానికి పోవచ్చు, 1948లో తెరిచారు, కుంపిణీ కాలపు కత్తులు, నాణేలు, పటాలు అక్కడ ఉంటాయి. సముద్రం దారిలో ఇంజంబాకం దగ్గర 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు నెలకొల్పిన చోళమండలం కళాకారుల గ్రామం ఉంది, కొత్త కాలపు చిత్రాలంటే ఇష్టం ఉన్నవాళ్ళకు. ఒక్కరోజులో అన్నీ చూడాలని పరుగెత్తితే ఏదీ కళ్ళలో నిలవదు. ఎగ్మూరు ఒక్కటి చాలు.

ఎగ్మూరు స్టేషనులో దిగితే నడిచే దూరమే, పాంథియన్ రోడ్డు అని అడగండి. కాణుమ్ పొంగల్ నాడు మాత్రం అమరావతి గదుల్లో కూడా నిలబడటానికి చోటుండదు, దానికి రెండు మూడు రోజులు అటూ ఇటూ చూసుకుని ఉదయం పూట వెళ్ళండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.